నెల్లూరు నుంచి నాటాల్ దాకా



దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవులో దిగిన మన కూలీల జాబితాలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. ఓడకొక జాబితా, మనిషికొక వరుస. మొదటి గడిలో నంబరు. తర్వాత పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు. చివరి గడిలో ఒంటి మీది గుర్తులు. నుదుట మచ్చ, మోచేతి దగ్గర పుట్టుమచ్చ, కాలి మీద పాత గాయం, ఇలాంటివి. మనిషి పారిపోతే పట్టుకోవడానికి పనికొచ్చే వివరాలన్నమాట. ఆ వరుసల వెంట వేలు పెట్టి చదువుకుంటూ పోతే విశాఖపట్నం, గంజాం, గోదావరి, కృష్ణా, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు అన్న పేర్లు తగులుతాయి. కులం గడి దగ్గర ఒక్కోచోట చూపు ఆగిపోతుంది. అక్కడ కులం పేరు ఉండదు. ‘క్రిస్టియన్’ అని ఉంటుంది.

ఆ ఒక్క మాట వెనుక ఉన్న కథే ఇవాళ్టి నా ప్రసంగం. డర్బన్ ఉన్న నాటాల్ ఒకప్పుడు బ్రిటిష్ వాళ్ల వలస రాజ్యం. అక్కడికి ప్రొటెస్టంటు మిషన్లు ఎలా వచ్చాయి, ఆ తర్వాత పెంతెకొస్తు ఉజ్జీవం ఎలా వచ్చింది, ఈ రెండింటి నడుమ మన తెలుగువాళ్లు చేసిన పని ఏమిటి, ఈ మూడు సంగతులూ మీతో చెప్పుకోవాలి.

ముందు కూలీల సంగతి. 1860 నవంబర్ 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి బయలుదేరి డర్బన్ చేరింది. అందులో 342 మంది మనుషులున్నారు. అది మొదలు 1911లో ఈ వలస ఆగిపోయేదాకా సుమారు 1,52,000 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా అక్కడ దిగారు. వాళ్లలో ఎక్కువమంది మద్రాసు రాజధాని నుంచి, అంటే తమిళ, తెలుగు జిల్లాల నుంచి వెళ్లినవాళ్లే. ఒప్పందం ఐదేళ్లు. మొదటి ఏడాది జీతం నెలకు 10 షిల్లింగులు, ఆపైన ఏడాదికి ఒక్కో షిల్లింగు పెంపు. పని చెరకు తోటల్లో, తేయాకు తోటల్లో, బొగ్గు గనుల్లో, రైలు మార్గాల మీద.

ఇక మిషన్ల సంగతి. నాటాల్‌కు మిషనరీలు కూలీల కంటే ముందే వచ్చారు. బోస్టన్ నుంచి బయలుదేరిన అమెరికన్ మిషనరీలు 1835 చివర్లో అక్కడి స్థానిక ఆఫ్రికన్లైన జూలూల దేశంలో అడుగు పెట్టారు. సరిగ్గా అదే సంవత్సరం అదే బోస్టన్ రేవు నుంచి శామ్యూల్ డే అనే బాప్టిస్టు యువకుడు మరో ఓడెక్కాడు. ఆయన ప్రయాణం మన తెలుగు దేశానికి. ఒకే రేవు విడిచిన ఈ రెండు దారులూ డెబ్బై ఏళ్లు తిరక్కముందే నాటాల్‌లో కలుసుకున్నాయి. ఎలా కలుసుకున్నాయో కాసేపట్లో చెబుతాను.

అమెరికన్లు, ఆంగ్లికన్లు, మెథడిస్టులు అందరూ మొదట జూలూల కోసమే వచ్చారు. మంచి చేసినవాళ్లూ ఉన్నారు. ఆంగ్లికన్ బిషప్ కొలెన్సో జూలూ భాష నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు రాశాడు. ఒక హ్లూబీ తెగ నాయకుడికి వలస ప్రభుత్వం అన్యాయం చేసిందని సాటి తెల్లవాళ్లకు ఎదురు తిరిగి నిలబడ్డాడు. జూలూలు ఆయన్ను ‘సోబంటు’ అన్నారు, ప్రజల తండ్రి అని. అయితే చెరకు తోటల్లో చేరిన మన కూలీల వైపు చూసినవాళ్లు మొదట్లో చాలా తక్కువ. 1862లో రాల్ఫ్ స్టాట్ అనే మెథడిస్టు బోధకుడు వచ్చాడు. అంతకుముందు ఆయన సింహళంలో ఏళ్ల తరబడి పనిచేశాడు. తమిళం వచ్చు. ఆయనా, తర్వాత ఆయన కొడుకూ తోటల వెంట తిరిగారు, పిల్లలకు బడులు పెట్టారు. నాటాల్‌లో భారతీయుల పిల్లలకు అక్షరాలు దిద్దబెట్టింది మొదట మిషన్ బడులే. ఆ మేలు మరవరానిది.

ఇంకొక మంచి మనిషి డాక్టర్ బూత్. ఆంగ్లికన్ చర్చి తరఫున డర్బన్‌లో సెయింట్ ఐడాన్స్ మిషన్ నడిపాడు. పేదలకు ఉచితంగా వైద్యం చేసే ఒక చిన్న ఆసుపత్రి ఆ మిషన్ నీడలోనే నడిచింది. డబ్బిచ్చింది పార్సీ రుస్తుంజీ అనే వ్యాపారి. రోజూ పొద్దున ఒకటి రెండు గంటలు ఆ ఆసుపత్రికి వచ్చి, రోగుల బాధలు విని డాక్టరుకు చెప్పి, మందులు కలిపి ఇచ్చిన ఒక యువ న్యాయవాది ఉన్నాడు. ఆయన పేరు మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ. అక్కడికి వచ్చే రోగుల్లో ఎక్కువమంది తమిళ, తెలుగు, ఉత్తరాది ఒప్పంద కూలీలేనని ఆయన తన ఆత్మకథలో రాసుకున్నారు. మనవాళ్ల జ్వరాలు, మనవాళ్ల పుండ్లు గాంధీగారు అంత దగ్గరగా చూసింది ఒక మిషన్ ఆవరణలో అన్నమాట.

ఇన్ని జరిగినా ఒక లోటు మిగిలింది. తమిళం వచ్చిన బోధకులు ఉన్నారు, ఇంగ్లిషు బోధకులు ఉన్నారు. తెలుగులో ప్రార్థన నడిపే బోధకులు మాత్రం కరువు. రోజంతా మేస్త్రీ కేకలు విన్న చెవికి ఆదివారం నాడైనా తన మాట వినబడకపోతే ఆ మనిషి మనసు ఎంత ఎండిపోతుందో ఊహించండి.

ఇక్కడ కథ నెల్లూరుకు వస్తుంది. బోస్టన్ నుంచి వచ్చిన ఆ శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్లు గడిచినా సంఘం పెరగలేదు. నమ్మినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిషన్ మూసేద్దామా అని అమెరికాలో ఒకసారి కాదు, పలుమార్లు చర్చ జరిగింది. పటంలో ఒంటరిగా ఉన్న ఆ స్థలానికి ‘ఒంటరి నక్షత్రం’ అని పేరు పడింది. 1866లో అదే మిషన్ తరఫున జాన్ క్లౌ ఒంగోలుకు వచ్చాడు. మరుసటి ఏడాది జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం పుట్టింది. అప్పటికే తాళ్లకొండపాడు నుంచి వచ్చిన యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ కులస్థుడు బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన తోళ్ల వ్యాపారం మీద ఊరూరా తిరిగే మనిషి. బంధువుల ఇళ్లు, వియ్యాలవారి ఇళ్లు, తోళ్లు కొనే పల్లెలు, ఇవే ఆయన సువార్త దారులు. దొర పల్లెకు చేరకముందే పేరయ్య మాట చేరింది.

తర్వాత 1876 నుంచి 1878 దాకా ఘోరమైన కరువు. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చాడు, కూలి ఇచ్చాడు. కూడు కోసం మతం మారారన్న మాట పడకూడదని కరువు పనులు నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తీరాక, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మిషన్ చరిత్రల్లో ఈ అంకె చాలాసార్లు చెబుతారు. నాకు అంతకంటే పెద్దగా కనిపించేది దాని వెనుక ఉన్న పదేళ్ల నడక. ఆ నడక నడిచింది పేరయ్యలాంటి చదువులేని తెలుగు బోధకులు.

ఆ రోజుల్లోనే కూలీల ఓడలూ నడుస్తున్నాయి. పల్లె నుంచి కొందరు సంఘంలోకి నడిస్తే, కొందరు మద్రాసు రేవులోని డిపోకు నడిచారు. కొందరు రెండూ చేశారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్లే ఓడెక్కారు. జాబితాలో ‘క్రిస్టియన్’ అని రాయించుకున్నవాళ్లలో ఇలాంటివాళ్లూ ఉన్నారు.

నాటాల్‌లో స్థిరపడ్డ తెలుగు బాప్టిస్టుల నుంచి స్వదేశానికి కబురు వచ్చింది. మాకొక కాపరిని పంపండని. ఆ కబురు అందుకున్నది అమెరికన్ దొరలు కాదు. తెలుగు బాప్టిస్టు సంఘాలు స్వయంగా పెట్టుకున్న హోం మిషనరీ సొసైటీ. మన సంఘాల్లో కానుక ఎలా పోగవుతుందో మీకు తెలుసు. ఇల్లాలు అన్నం వండే ముందు గుప్పెడు బియ్యం తీసి పక్కన కుండలో వేస్తుంది. వారం తిరిగేసరికి ఆ కుండ గుడికి చేరుతుంది. కోడి పెట్టిన మొదటి గుడ్డు, పాదుకు కాసిన మొదటి సొరకాయ కూడా కానుకే. అలాంటి సంఘాలు, తామే ఇంకా దొరల సాయం మీద నడుస్తున్న సంఘాలు, సముద్రం అవతలికి ఒక మనిషిని పంపడానికి పూనుకున్నాయి.

ఆ మనిషి జాన్ రంగయ్య. నెల్లూరువాడు, చదువు చెప్పే పంతులు. 1903లో భార్యాపిల్లలతో డర్బన్‌లో దిగారు. ఆయన మెడలో కూలీ నంబరు లేదు. తానుగా వచ్చిన మనిషి. అదే ఏడాది డిసెంబర్‌లో కియర్స్నీ అనే చోట తొలి తెలుగు బాప్టిస్టు సంఘం కట్టారు.

కియర్స్నీ ఎక్కడో కాస్త దగ్గరగా చూద్దాం. డర్బన్‌కు ఉత్తరాన, అప్పట్లో స్టాంగర్ అని పిలిచిన పట్టణానికి సమీపంలో ఉంది. జూలూల రాజు షాకా సమాధి ఉన్నది ఆ స్టాంగర్‌లోనే. చుట్టూ కొండ వాలులు, ఆ వాలుల మీద తేయాకు. తోట యజమాని సర్ లీజ్ హ్యూలెట్ మెథడిస్టు. ఆదివారం బోధ కూడా చేసేవాడు. యజమానికీ, కూలీకీ ఒకే బైబిలు. అయినా సోమవారం నుంచి శనివారం దాకా కూలీ కాళ్లకు ఒప్పందం అనే సంకెల ఉంది. ఒప్పందం తీరాక ఉండిపోతే తలకు ఏడాదికి మూడు పౌన్ల పన్ను. మొదటి ఏడాది కూలీ జీతం మొత్తం లెక్కేస్తే ఆరు పౌన్లు. అందులో సగం పన్నుకే సరి. మొగుడు, పెళ్లాం, ఎదిగిన ఇద్దరు పిల్లలూ ఉంటే పన్నెండు పౌన్లు. మళ్లీ ఒప్పందం రాయించుకోవడమో, ఓడెక్కి వెనక్కి పోవడమో తప్ప మూడో దారి లేకుండా చేసిన పన్ను అది. భారతీయ కూలీల 1913 సమ్మె తర్వాత, 1914లో గానీ రద్దు కాలేదు.

అలాంటి చోట రంగయ్యగారు తెలుగులో బైబిలు తెరిచారు. తెలుగులో ప్రార్థించారు. మనవాళ్లకు ఆ గంటసేపు గుడి ఒక ఊరు అయింది. ఆ గదిలో పిలిచేది నంబరుతో కాదు, పేరుతో. పెళ్లికి తెలుగులో ప్రమాణం, బిడ్డకు తెలుగులో ఆశీర్వాదం, చనిపోయినవాళ్లకు తెలుగులో చివరి మాట. సండే స్కూల్లో పిల్లలకు అ, ఆ లు. పన్నెండేళ్ల పాటు ఆయన తోట తర్వాత తోట తిరుగుతూ సంఘాలు నాటారు. 1914లో నాటాల్ భారతీయ బాప్టిస్టు అసోసియేషన్ ఏర్పడింది. మరుసటి ఏడాది, 1915లో, ఆయన కన్నుమూశారు.

మిషనరీ అనగానే మన కళ్ల ముందు నిలిచే బొమ్మ ఒకటే. తెల్లటోపీ, తెల్లచర్మం, చేతిలో పుస్తకం. జాన్ రంగయ్య ఆ బొమ్మను చెరిపేశారు. పాలకుల వెనుక కాదు, కూలీల వెనుక వెళ్లిన మిషనరీ ఆయన. ఆయన వెనుక ఫిరంగి లేదు, ప్రభుత్వం లేదు. నెల్లూరు, ఒంగోలు సంఘాల కానుకలు మాత్రమే ఉన్నాయి. బోస్టన్ నుంచి బయలుదేరిన రెండు దారులు నాటాల్‌లో కలిశాయన్నాను కదా. వాటిని కలిపినవాడు ఒక తెలుగు పంతులు.

ఇక పెంతెకొస్తు సంగతి. 1906లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో, అజూసా వీధిలో, విలియం సేమూర్ అనే నల్లజాతి బోధకుడి కూడికల్లో ఒక ఉజ్జీవం రగిలింది. సేమూర్ తల్లిదండ్రులు ఒకప్పటి బానిసలు. పరిశుద్ధాత్మ బాప్తిస్మం, భాషలు మాట్లాడటం, ప్రార్థనతో స్వస్థత, ఇవి ఆ బోధకు ఆయువుపట్టు. 1908లో ఆ నిప్పు జొహానెస్‌బర్గ్ చేరింది. మొదటి రోజుల్లో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే గదిలో మోకరించారు. కొన్నాళ్లకే బాప్తిస్మాలు వేరు చేశారు, కూడికలు వేరు చేశారు. ఆత్మ కలిపినవాళ్లను చర్మం రంగు విడదీసింది. ఆ దేశపు క్రైస్తవ చరిత్రలో ఇదొక మాయని మచ్చ. దాన్ని దాచి చరిత్ర చెబితే అది చరిత్ర అనిపించుకోదు.

భారతీయుల్లోకి ఆ ఉజ్జీవం వచ్చింది 1925లో, పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో. గాంధీగారిని రైలు నుంచి దింపేసిన ఊరు అదే. ఇంగ్లండు నుంచి వచ్చి స్థిరపడ్డ రోలండ్స్ కుటుంబం అక్కడి భారతీయుల మధ్య కూడికలు మొదలుపెట్టింది. ఆ ఇంటి కుర్రవాడు జాన్ ఫ్రాన్సిస్ రోలండ్స్ తర్వాత ఆ పనికే అంకితమయ్యాడు. 1931లో డర్బన్‌లో పెద్ద ఉజ్జీవ కూడికలు జరిగాయి. అక్కడ పుట్టిన సంఘమే బెథెస్దా. యోహాను సువార్తలో, ముప్పై ఎనిమిదేళ్ల నుంచి జబ్బుతో పడి ఉన్న మనిషి లేచి నడిచింది బెథెస్దా కోనేటి దగ్గరే. పేరులోనే స్వస్థత ఉంది. చూస్తుండగానే అది అక్కడి భారతీయుల్లో అతి పెద్ద పెంతెకొస్తు సంఘమైంది.

అదే 1931లో డర్బన్‌లో ఇంకొకటి జరిగింది. తెలుగువాళ్లు కలిసి దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ స్థాపించుకున్నారు. మన కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారు భారత ప్రభుత్వం తరఫున ఏజెంటుగా ఆ దేశంలో ఉన్న రోజులవి. భాష జారిపోతున్నదన్న బెంగతో కొందరు మహాసభ వైపు నడిస్తే, ఒంటి బాధతో, ఇంటి బాధతో కొందరు బెథెస్దా వైపు నడిచారు. నాకు ఈ రెండూ వేరుగా కనిపించవు. నంబరుగా వచ్చిన మనిషి పేరున్న మనిషిగా బతకడానికి వెతుక్కున్న రెండు దారులు ఇవి.

బాప్టిస్టు, మెథడిస్టు, ఆంగ్లికన్ సంఘాలు ముందే ఉండగా మనవాళ్లు బెథెస్దాకు అంతమంది ఎందుకు వెళ్లారు? ఒకటి, జబ్బు. క్షయ, పసిబిడ్డల మరణాలు, డాక్టరుకు డబ్బు లేని బతుకు. తల మీద చెయ్యి వేసి పేరుపేరునా ప్రార్థించే కాపరి ఆ ఇళ్లకు దిక్కయ్యాడు. రెండు, సాక్ష్యం. అక్షరం రాని మనిషి కూడా నలుగురి ఎదుట లేచి నిలబడి, దేవుడు నాకు ఈ మేలు చేశాడని చెప్పవచ్చు. తోటలో ఏనాడూ ఎవరూ వినని గొంతుకు అక్కడ వినేవాళ్లు దొరికారు. మూడు, నాయకత్వం. సెమినరీ చదువు లేని మనవాళ్లే ఊరూరా, వీధి వీధినా కూడికలు నడిపారు. ఒంగోలు పల్లెల్లో పేరయ్య చేసిన పని ఇదే. చోటు మారింది, కాలం మారింది, పద్ధతి అదే.

పోగొట్టుకున్నదీ ఉంది. తరం మారేసరికి ప్రార్థన ఇంగ్లిషులోకి వెళ్లిపోయింది. బోధ కొన్నిచోట్ల ఎంత కటువుగా ఉండేదంటే, అన్న ఇంట పండుగ చేసుకుంటే తమ్ముడు గడప తొక్కని రోజులు వచ్చాయి. ఒకే ఓడలో వచ్చి, ఒకే కుండలో వండుకు తిన్నవాళ్ల మనవళ్లు అలా దూరమయ్యారు. ఈ బాధ అక్కడి తెలుగు కుటుంబాల్లో నిజంగా ఉంది. చెప్పకపోతే తప్పు.

తర్వాత 1950లో గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చింది. ఏ రంగువాళ్లు ఎక్కడ ఉండాలో ప్రభుత్వం గీత గీసింది. డర్బన్ నడిబొడ్డున మున్సిపాలిటీ కూలీలు తరతరాలుగా కాపురమున్న మ్యాగజీన్ బ్యారక్స్ ఖాళీ చేయించారు. వేలాది మంది భారతీయులను ఛాట్స్‌వర్త్ అనే కొత్త కాలనీకి తరలించారు. ఇరుగుపొరుగు చెదిరిపోయింది. ఉమ్మడి కుటుంబం చిన్నచిన్న ఇళ్లలోకి ముక్కలైంది. పాత గుళ్లు, పాత చర్చిలు వెనక ఉండిపోయాయి. ఆ కాలనీలో రాళ్లతో కట్టిన చర్చి లేకపోయినా కూడిక జరిగింది. ఇంటి ముందు గదిలో నాలుగు కుర్చీలు, ఒక చాప, ఒక పాట. పెంతెకొస్తు సంఘాలు అక్కడ అలా ఇంటింటికీ పాకాయి.

శ్రోతలారా, ఈ కథంతా చదివి నేను తెలుసుకున్నది ఒక్కటి. వలస రాజ్యంలో మిషన్ అన్నది ఒకే రంగులో ఉండదు. కొలెన్సో ఉన్నాడు, బూత్ ఉన్నాడు. కూలీ మెడ మీద పన్ను మోపుతుంటే నోరు మెదపని చర్చిలూ ఉన్నాయి. మంచిని మంచిగా, చెడును చెడుగా చెప్పుకోవాలి. అయితే ఆ నేల మీద సంఘం వేళ్లూనింది మాత్రం దాన్ని అక్కడి పేదవాళ్లు తమ చేతుల్లోకి తీసుకున్న చోటే. పేరయ్య తోళ్ల మూటతో తిరిగిన పల్లెల్లో, రంగయ్య తెలుగు బైబిలు తెరిచిన తేయాకు తోటలో, ఛాట్స్‌వర్త్ ఇంటి ముందు గదిలో. దొర వెళ్లిపోయినా ఆ సంఘాలు నిలిచాయి.

చివరగా ఒక విన్నపం. నెల్లూరు, ఒంగోలు, కందుకూరు ప్రాంతాల పాత సంఘాల్లో బాప్తిస్మ రిజిస్టర్లు, కమిటీ పుస్తకాలు, విదేశాల నుంచి వచ్చిన ఉత్తరాలు ఇనప్పెట్టెల్లో మూలుగుతూ ఉండవచ్చు. చెదలు పట్టకముందే వాటిని బయటికి తీయండి. ఫొటోలు తీయించండి, దగ్గరలోని గ్రంథాలయానికో, విశ్వవిద్యాలయానికో చూపించండి. డర్బన్ జాబితాల్లో నంబరుగా మిగిలిన మనిషికి మీ రిజిస్టరులో తల్లీ తండ్రీ, పుట్టిన పల్లె దొరకవచ్చు. తమ మూలాలు వెతుక్కుంటూ అక్కడి నుంచి ఇప్పటికీ మనవాళ్లు వస్తూనే ఉన్నారు. వాళ్ల చేతిలో ఒక నంబరు, ఒక ఊరి పేరు మాత్రమే ఉంటాయి. మిగతాది మన దగ్గరే ఉంది. ఇవ్వాల్సింది మనమే.